కరెంట్ రేషియో 2.5, గల్లాపెట్టె ఖాళీ – నిష్పత్తులు ఎలా చదవాలి, ఎలా పోల్చాలి

"కరెంట్ రేషియో 2.5:1. ఇది ఆదర్శ నిష్పత్తి 2:1 కన్నా ఎక్కువ. కాబట్టి సంస్థ ఆర్థిక పరిస్థితి సంతృప్తికరంగా ఉంది."

బీకాం పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువసార్లు కనబడే వాక్యాలివి. కరెంట్ రేషియో అంటే ఏడాదిలోపు డబ్బుగా మారాల్సిన ఆస్తులను (కరెంట్ అసెట్స్) ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో (కరెంట్ లయబిలిటీస్) భాగిస్తే వచ్చే అంకె. సూత్రం సరైనదే, భాగహారమూ సరైనదే. దానికి మార్కులు వేస్తాను. వ్యాఖ్యానానికి ఉన్న మార్కులు మాత్రం వేయలేకపోతాను. చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అంత కష్టపడి లెక్క చేసిన విద్యార్థి చివరి రెండు లైన్ల దగ్గర ఆగిపోయాడు.

మా మేనమామకు గుంటూరు జిల్లాలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. 2022 మార్చి 31న ఆ కొట్టు కరెంట్ రేషియో సరిగ్గా 2.5. అదే రోజు ఆయన గల్లాలో, బ్యాంకులో కలిపి ఉన్నది లక్ష రూపాయలు. అప్పటికే ఇంటిస్థలం తనఖా పెట్టి 14 లక్షలు తెచ్చారు. పుస్తకంలో రాసినట్టు "సంతృప్తికరం" అని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ కొట్టు లెక్కలనే ఇక్కడ వాడుకుందాం. గుండ్రం చేశాను, తరుగుదల వదిలేశాను. కాగితం, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని మీరూ వేసుకుంటూ చదవండి. అంకెలన్నీ లక్షల్లో. ముందుది 2020-21, తర్వాతది 2021-22.

అమ్మకాలు: 100, 120
అందులో అప్పు మీద అమ్మినది: 60, 90
అమ్మిన సరుకు ఖరీదు: 86, 105
కొనుగోళ్లు: 90, 113
నికర లాభం: 5, 3.6
మార్చి 31న సరుకు నిల్వ: 16, 24
రైతుల నుంచి రావలసిన బాకీలు: 15, 30
నగదు, బ్యాంకు: 3, 1
ఫర్నిచర్: 3, 3
కంపెనీలకు ఇవ్వాల్సినది: 12, 14
బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే స్వల్పకాలిక అప్పు): 5, 8
దీర్ఘకాలిక అప్పు: లేదు, 14
సొంత పెట్టుబడి: 20, 22

1. ముందు ఎవరి కళ్లతో చూస్తున్నారో తేల్చుకోండి

ఒకే బ్యాలెన్స్ షీట్ మీద ముగ్గురు మూడు ప్రశ్నలు వేస్తారు. మందుల కంపెనీ సేల్స్ ఆఫీసరుకు వచ్చే 45 రోజుల్లో బిల్లు కడతారా లేదా అన్నదే కావాలి. టర్మ్ లోన్ ఇచ్చిన బ్యాంకుకు అయిదేళ్లపాటు వాయిదా, వడ్డీ వస్తాయా అన్నది కావాలి. యజమానికి పెట్టిన డబ్బు మీద ఎంత మిగిలిందన్నది కావాలి. ప్రశ్నపత్రంలో "బ్యాంకు మేనేజరుగా సలహా ఇవ్వండి" అని ఉంటే లాభదాయకత నిష్పత్తులతో పేజీ నింపకండి. ఆ ఒక్క పదం చూసుకోక మార్కులు పోగొట్టుకునే వాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

2. రెండు వైపులా ఒకే కొలబద్ద పెట్టండి

నిల్వ టర్నోవరును, అంటే ఏడాదిలో సరుకు ఎన్నిసార్లు అమ్ముడై తిరిగిందన్న అంకెను, సగటు నిల్వతో వేయవచ్చు, ముగింపు నిల్వతోనూ వేయవచ్చు. సగటే మంచిది. కానీ మన దగ్గర 2020-21 ప్రారంభ నిల్వ పట్టికలో లేదు కాబట్టి రెండేళ్లకూ ముగింపు అంకెలే తీసుకుంటాను. ఒక ఏడాదికి సగటు, ఇంకో ఏడాదికి ముగింపు వాడితే ఆ పోలికకు అర్థం లేదు. డెట్-ఈక్విటీలోనూ (సొంత పెట్టుబడికి అప్పు ఎన్ని రెట్లు అన్న నిష్పత్తి) అంతే: అప్పు అంటే దీర్ఘకాలిక అప్పు మాత్రమేనా, ఓడీ కూడా కలిపారా అన్నది ముందే రాసిపెట్టుకోండి. జవాబులో సూత్రం ఒక లైను రాస్తే దిద్దేవాళ్లకూ మీ దారి తెలుస్తుంది.

3. రెండేళ్లు పక్కపక్కన పెట్టి మార్పు చెప్పండి

నికర లాభ నిష్పత్తి, అంటే అమ్మకాల్లో నికర లాభం వంతు, 5 శాతం నుంచి 3 శాతానికి వచ్చింది. దీన్ని "2 శాతం తగ్గింది" అని రాస్తే తప్పు. తగ్గింది 2 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే 40 శాతం తగ్గింది, ఎందుకంటే 5లో 2 పోయాయి. ఈ తేడా తెలియకుండా రాస్తే పెద్ద దెబ్బ చిన్న గీతలా కనబడుతుంది.

అమ్మకాల్లోంచి అమ్మిన సరుకు ఖరీదు తీసేస్తే మిగిలేది స్థూల లాభం. అది అమ్మకాల్లో మొదటి ఏడాది 14 శాతం, రెండో ఏడాది 12.5 శాతం. ఈ రెండు నిష్పత్తులనూ కలిపి చదవాలి. స్థూల లాభం పడిపోయిందంటే కొనుగోలు ధరలోనో అమ్మకం ధరలోనో మార్పు వచ్చింది. స్థూల లాభం నిలకడగా ఉండి నికర లాభం మాత్రమే పడిపోతే అద్దె, జీతాలు, వడ్డీ వైపు వెతకాలి. ఇక్కడ రెండూ పడ్డాయి, కానీ స్థూల లాభం 1.5 పాయింట్లు తగ్గితే నికర లాభం 2 పాయింట్లు తగ్గింది. అంటే ధరల దెబ్బకు తోడు ఖర్చుల దెబ్బ కూడా కొంత ఉంది. కొత్తగా వచ్చిన 14 లక్షల అప్పు మీద వడ్డీ గుర్తుకు రావాలి.

4. నిష్పత్తిని విప్పి లోపల ఏముందో చూడండి

అసలు పని ఇక్కడుంది. ఇక్కడ తొందరపడకండి.

మొదటి ఏడాది కరెంట్ అసెట్స్ 16 + 15 + 3 = 34. కరెంట్ లయబిలిటీస్ 12 + 5 = 17. రేషియో 2. రెండో ఏడాది 24 + 30 + 1 = 55. లయబిలిటీస్ 14 + 8 = 22. రేషియో 2.5. పెరిగింది కదా అనిపిస్తుంది. సరుకు తీసేసి క్విక్ రేషియో వేయండి: మొదటి ఏడాది 18/17, అంటే 1.06. రెండో ఏడాది 31/22, అంటే 1.41. అదీ పెరిగింది! పుస్తకంలోని రెండు పరీక్షలూ పాసయ్యాడు మా మామయ్య.

ఇప్పుడు పైనున్న 55ని విప్పండి. అందులో 30 రైతుల బాకీలు, 24 సరుకు, 1 నగదు. మొదటి ఏడాది 34లో 3 నగదు ఉండేది. చేతిలో ఉన్న డబ్బు మూడింట ఒక వంతుకు పడింది, బాకీలు రెండింతలయ్యాయి. బాకీ రాకపోయినా కరెంట్ అసెట్ కిందే ఉంటుంది. గడువు దగ్గరపడిన మందు డబ్బా కూడా కరెంట్ అసెట్ కిందే ఉంటుంది. కరెంట్ రేషియో రెండు కారణాల వల్ల పెరగవచ్చు: వ్యాపారం బాగుండి, లేదా సరుకు కదలక, బాకీ వసూలు కాక. అంకె మాత్రం ఒకేలా పెరుగుతుంది.

అమ్మకాలనూ అలాగే విప్పండి. 100 నుంచి 120కి, 20 శాతం పెరుగుదల. కానీ నగదు అమ్మకాలు 40 నుంచి 30కి తగ్గాయి. పెరిగినదంతా అప్పు మీదే. "అమ్మకాలు 20 శాతం పెరగడం శుభసూచకం" అని రాసే ముందు ఈ తీసివేత ఒక్కటి చేసి చూడండి.

5. నిష్పత్తులను రోజుల్లోకి మార్చండి

నిల్వ టర్నోవర్ 5.4 నుంచి 4.4కి తగ్గిందంటే చాలామందికి ఏమీ అనిపించదు. రోజుల్లో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

సరుకు కొట్టులో ఉన్న రోజులు: 16/86 × 365 = 68. రెండో ఏడాది 24/105 × 365 = 83.
బాకీ వసూలుకు పట్టిన రోజులు: 15/60 × 365 = 91. రెండో ఏడాది 30/90 × 365 = 122. ఇక్కడ మొత్తం అమ్మకాలు కాదు, అప్పు మీద అమ్మినదే తీసుకోవాలి.
కంపెనీలకు కట్టడానికి తీసుకున్న రోజులు: 12/90 × 365 = 49. రెండో ఏడాది 14/113 × 365 = 45.

మొదటి రెండూ కలిపి మూడోది తీసేయండి. మొదటి ఏడాది 110 రోజులు, రెండో ఏడాది 160 రోజులు. కంపెనీకి రూపాయి కట్టిన రోజు నుంచి అదే రూపాయి రైతు దగ్గర నుంచి తిరిగి వచ్చే దాకా పట్టే కాలం అది. అది 50 రోజులు పెరిగింది. ఆ 50 రోజులు మోయడానికే ఇంటిస్థలం బ్యాంకుకు పోయింది.

ఇంకో చిన్న లెక్క చేయండి. లాభం 3.6 వచ్చింది. బాకీలు 15 పెరిగాయి, సరుకు 8 పెరిగింది, కంపెనీలు అదనంగా 2 అప్పిచ్చాయి. 3.6 − 15 − 8 + 2 = మైనస్ 17.4. పుస్తకాల్లో మూడున్నర లక్షల పైన లాభం, చేతిలోంచి పదిహేడు లక్షల పైన డబ్బు బయటికి. 14 కొత్త అప్పు, 3 అదనపు ఓడీ వచ్చాయి. ఇంటి ఖర్చుకు 1.6 వాడుకున్నారు. అందుకే నగదు 3 నుంచి 1కి దిగింది. లెక్క సరిపోయిందో లేదో మీరే కూడి చూసుకోండి. ఏ సంస్థ నిష్పత్తులు చదువుతున్నా లాభం పక్కన వ్యాపార కార్యకలాపాల నగదు ప్రవాహం పెట్టి చూసే అలవాటు చేసుకోండి.

6. కారణం బయట ఉంటుంది, వెతకండి

"ఎందుకు" అన్నదానికి బ్యాలెన్స్ షీట్ జవాబు చెప్పదు. 2021 చివర్లో ఏపీ, తెలంగాణ మిర్చి తోటలను నల్ల తామర పురుగు చుట్టుముట్టింది. పూతలోనే దెబ్బకొట్టింది. రైతులు ఆశ చావక మందు మీద మందు కొట్టారు. మామయ్య కొట్టులో అమ్మకాలు పెరగడానికి కారణం అదే, అవన్నీ అప్పు మీద కావడానికీ కారణం అదే. తర్వాత కొందరు తోటలు పీకేశారు. మామయ్య తెప్పించిన సరుకు అలాగే ఉండిపోయింది, దాన్ని తగ్గించి అమ్మారు. కాయ చేతికి రానివాళ్లు మార్చికి బాకీ ఎక్కడి నుంచి కడతారు?

ఇప్పుడు అంకెలు మళ్లీ చూడండి. అమ్మకాల పెరుగుదల, స్థూల లాభం పడిపోవడం, 83 రోజుల నిల్వ, 122 రోజుల బాకీ, అన్నీ ఒకే కథలోవి. పరీక్షలో ఇంత సమాచారం ఇవ్వరు. కానీ ప్రశ్నలో "పోటీ పెరిగింది", "కొత్త యంత్రం కొన్నారు", "వసూలు గడువు పొడిగించారు" లాంటి ఒక వాక్యం ఉంటుంది. దాన్ని పట్టుకుని నిష్పత్తికి ముడివేయండి.

7. ఇంకొకరితో పోల్చేటప్పుడు ఒకే వ్యాపారం, ఒకే తేదీ

2:1 అన్నది అమెరికా బ్యాంకర్ల వాడుక నుంచి పుస్తకాల్లోకి వచ్చిన మోటు కొలత. మన దేశంలో బ్యాంకులు వ్యాపారాలకు ఎంత అప్పివ్వాలో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 1974లో వేసిన టాండన్ కమిటీ సూచించిన రెండో పద్ధతి ప్రకారం కరెంట్ అసెట్స్‌లో నాలుగో వంతును దీర్ఘకాలిక నిధులతో సమకూర్చుకుంటే చాలు. అంటే 100 అసెట్స్‌కు 75 లయబిలిటీస్, రేషియో 1.33. చిన్న పరిశ్రమలకు నాయక్ కమిటీ చెప్పిన, అమ్మకాలను బట్టి అప్పు లెక్కగట్టే టర్నోవర్ పద్ధతిలో అది 1.25కే దిగుతుంది. బ్యాంకులు ఏళ్ల తరబడి ఈ అంకెల మీద అప్పులిస్తుంటే మనం ఇంకా 2 దాటలేదని సంస్థను ఫెయిల్ చేయడం సరికాదు.

వ్యాపారం మారితే అంకె అర్థమే మారుతుంది. సూపర్ మార్కెట్‌కు డబ్బు కౌంటర్ దగ్గరే వస్తుంది, సరఫరాదారుకు తర్వాత కడుతుంది. దానికి కరెంట్ రేషియో 1కి దగ్గరగా ఉన్నా టెన్షన్ లేదు. కిరాణా కొట్టులో మార్జిన్ తక్కువ, సరుకు మాత్రం వారాల్లో తిరుగుతుంది. నగల షాపులో హారం నెలల తరబడి అద్దాల బీరువాలో ఉంటుంది. ఈ ఇద్దరి నిల్వ టర్నోవర్ పక్కపక్కన పెట్టి "కిరాణా సమర్థంగా నడుస్తోంది" అనకూడదు.

తేదీ కూడా చూడండి. మిర్చి ప్రాంతంలో ఎరువుల కొట్టుకు సీజను మధ్యలో బాకీలు నిండుగా ఉంటాయి, కోతల తర్వాత తగ్గుతాయి. ఒక కొట్టు లెక్క డిసెంబరుది, ఇంకోటి మార్చిది అయితే పోల్చకండి.

ఒకే రంగంలో ఇద్దరిని పోల్చడానికి నాకు బాగా నచ్చిన సాధనం డుపాంట్ పద్ధతి. దాని మూలరూపాన్ని అమెరికాలోని డుపాంట్ కంపెనీలో పనిచేసిన డొనాల్డ్‌సన్ బ్రౌన్ వందేళ్ల కిందటే తయారుచేశాడు. ఇప్పుడు వాడే రూపం సొంత పెట్టుబడి మీద రాబడిని మూడు ముక్కలు చేస్తుంది: అమ్మకాల మీద లాభం, ఆస్తులు ఎన్నిసార్లు తిరిగాయి, సొంత పెట్టుబడికి ఆస్తులు ఎన్ని రెట్లు. మన కొట్టుకు వేద్దాం.

2020-21: 5% × (100/37) × (37/20) = 5% × 2.70 × 1.85 = 25%
2021-22: 3% × (120/58) × (58/22) = 3% × 2.07 × 2.64 = 16.4%

రాబడి 25 నుంచి 16.4కి పడింది. మార్జిన్ పడింది, ఆస్తుల తిరుగుడు పడింది, మూడోది మాత్రం పెరిగింది. ఆ పెరిగినది సామర్థ్యం కాదు, అప్పు. ఆ అప్పే లేకుండా మిగతా రెండూ ఇలాగే ఉండి ఉంటే రాబడి ఇంకా కిందికి పోయేది. రెండు కంపెనీలకు రాబడి ఒకేలా 18 శాతం వచ్చినప్పుడు ఈ మూడు ముక్కలు వేసి చూడండి. ఒకరిది మార్జిన్ వల్ల, ఇంకొకరిది అప్పు వల్ల అని అప్పుడే బయటపడుతుంది.

8. అంకెను నమ్మే ముందు ఒకసారి అనుమానించండి

మొదటి ఏడాది మామయ్య మార్చి 31 సాయంత్రం నగదు 3 లక్షలూ తీసి కంపెనీకి కట్టేసి ఉంటే? అసెట్స్ 31, లయబిలిటీస్ 14, రేషియో 2.21. వ్యాపారంలో ఏమీ మారలేదు, రేషియో పెరిగింది. అదే అసెట్స్ 15, లయబిలిటీస్ 20 ఉన్నవాళ్లు 3 కడితే 12/17, అంటే 0.75 నుంచి 0.71కి తగ్గుతుంది. రేషియో 1 కన్నా ఎక్కువ ఉంటే ఇలా కట్టినప్పుడు పెరుగుతుంది, తక్కువ ఉంటే తగ్గుతుంది. "ఈ లావాదేవీ వల్ల కరెంట్ రేషియో పెరుగుతుందా, తగ్గుతుందా" అన్న ప్రశ్నకు మూలం ఇదే. బట్టీ పట్టకుండా చిన్న అంకెలు వేసి చూడండి.

అంకెలే అబద్ధమైతే నిష్పత్తి ఏమీ చేయలేదు. హైదరాబాదు వాళ్లం మనం ఇది మర్చిపోకూడదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ మార్జిన్ 649 కోట్లు, అంటే 24 శాతం చూపామని, అసలు ఆదాయం 2,112 కోట్లు, మార్జిన్ 61 కోట్లు, అంటే 3 శాతమేనని ఒప్పుకున్నారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. ఆ రోజుకు ముందు ఎవరు క్విక్ రేషియో వేసినా అద్భుతంగానే వచ్చి ఉంటుంది. అందుకే ఆడిటర్ నివేదిక, ఖాతాలకు జతచేసే వివరణలు (నోట్స్) చదవకుండా నిష్పత్తి మీద తీర్పు రాయవద్దంటాను.

9. నిజమైన కంపెనీ మీద సాధన చేయండి

ఏదైనా లిస్టెడ్ (స్టాక్ మార్కెట్‌లో నమోదైన) కంపెనీ వార్షిక నివేదిక ఆ కంపెనీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. కంపెనీల చట్టం 2013 షెడ్యూల్ 3కి 2021లో చేసిన సవరణ వల్ల, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు 11 నిష్పత్తులను నోట్స్‌లో ఇస్తున్నాయి. కరెంట్ రేషియో, డెట్-ఈక్విటీ, అప్పు వాయిదాలు తీర్చే శక్తి చెప్పే డీఎస్‌సీఆర్, నిల్వ, బాకీల టర్నోవర్లు, నికర లాభం, పెట్టుబడి మీద రాబడి, అన్నీ ఉంటాయి. ఏ నిష్పత్తి అయినా నిరుడు కన్నా 25 శాతానికి పైగా మారితే కారణం కూడా రాయాలి.

నా విద్యార్థులతో నేను చేయించేది ఇది: ఆ పట్టికలో కారణాల గడిని చేత్తో మూసేయండి. మీరే నిష్పత్తులు చూసి, ఖాతాలు తిరగేసి కారణం ఊహించి రాయండి. తర్వాత చెయ్యి తీసి కంపెనీ ఏం రాసిందో చూడండి. కొన్నిసార్లు కంపెనీ "లాభం పెరగడం వల్ల రాబడి పెరిగింది" అని మాత్రమే రాసి వదిలేస్తుంది. అది కారణం కాదని మీకే అర్థమవుతుంది.

10. జవాబు రాయడం

నిష్పత్తి ఎంత, ఎటు మారింది, ఎందుకు మారింది, దానివల్ల అడిగినవాళ్లు ఏం చేయాలి. ఈ నాలుగూ ఉంటే పేరా పూర్తయినట్టే. మందుల కంపెనీ వాళ్లు మామయ్యకు అప్పు మీద సరుకు ఇంకా ఇవ్వవచ్చా అని అడిగారనుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"కరెంట్ రేషియో 2 నుంచి 2.5కి, క్విక్ రేషియో 1.06 నుంచి 1.41కి పెరిగాయి. అయితే ఈ పెరుగుదల నగదు వల్ల వచ్చింది కాదు. బాకీలు 15 లక్షల నుంచి 30 లక్షలకు చేరాయి, వసూలు కాలం 91 నుంచి 122 రోజులకు పెరిగింది, నగదు 3 లక్షల నుంచి లక్షకు తగ్గింది. పంట నష్టం వల్ల రైతుల వసూళ్లు ఆగడం ప్రధాన కారణం. ఇంత ఇబ్బందిలోనూ యజమాని మీ బిల్లులు 45 రోజుల్లో, అంటే నిరుటి కన్నా ముందే కట్టారు. కాబట్టి పాత పరిమితి కొనసాగించవచ్చు. బాకీల వయసు పట్టిక చూశాకే పరిమితి పెంచే సంగతి ఆలోచించాలి."

బాకీల వయసు పట్టిక అంటే ఏ రైతు బాకీ 90 రోజులు దాటింది, ఏది 180 దాటింది అని విడదీసి రాసుకునే కాగితం. మామయ్య 2022 నుంచి దాన్ని ప్రతి నెల ఒకటో తారీఖున రాస్తున్నారు. కొత్త సీజనుకు సరుకు ఆర్డరు పెట్టే ముందు మొదట చూసేది దాన్నే.